హెర్షెల్ ఇంటి కొలిమి

మన పెద్దలు నిత్యము స్మరించు నవగ్రహములనుండి సూర్యచంద్రులను, ఛాయాగ్రహములైన రాహుకేతువులను తీసివేయగా మిగులునవి అయిదు: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. వేల ఏండ్లపాటు మానవునకు తెలిసిన తారాగ్రహములు ఇంతే. బాబిలోనియా జ్యోతిష్కులకు గాని, గ్రీకు పండితులకు గాని, మన ఆర్యభట వరాహమిహిరులకు గాని ఆరవదాని జాడ తెలియదు. శనియే గ్రహలోకమునకు పొలిమేర. ఆ పొలిమేరను 1781వ సంవత్సరము మార్చి 13వ తేదీ రాత్రి ఒక సంగీతోపాధ్యాయుడు తన ఇంటి పెరటిలో నిలిచి దాటినాడు. ఆయన పేరు విలియం హెర్షెల్.

పాఠ్యపుస్తకములలో ఈ విషయమునకు దొరకు చోటు సాధారణముగా ఒక్క వాక్యము. యురేనస్ గ్రహమును హెర్షెల్ కనుగొన్నాడని చెప్పి పుస్తకము ముందునకు సాగిపోవును. అది చదివిన విద్యార్థి, ఎవరో అదృష్టవంతుడు ఒక రాత్రి ఆకాశమువైపు చూడగా గ్రహము కనబడినదని భావించిన తప్పులేదు. కాని ఆ రాత్రికి ముందు దాదాపు ఎనిమిదేండ్లపాటు ఆ కుటుంబము నివసించిన ఇండ్లలో కొలిమి మండినది, రాగి, తగరము కరిగినవి, వ్రేళ్ళు తెగినవి, పోసిన అద్దములు పగిలినవి, పగిలినవానిని మరల కరిగించినారు. ఆకాశములో దొరికిన ఆ గ్రహమునకు పుట్టినిల్లు ఆ కొలిమియే. ఆ కథ మన ఉపాధ్యాయులకును, విద్యార్థులకును తెలియదగినది.

హెర్షెల్ 1738వ సంవత్సరము నవంబరు 15వ తేదీన జర్మను దేశములోని హానోవర్ నగరములో జన్మించినాడు. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందములో ఓబో అను సుషిరవాద్యమును వాయించుచుండెడివాడు. కలిమి లేదు గాని ఇంటిలో చదువు మీద, సంగీతము మీద మక్కువ మెండు. విలియం పదునాలుగేండ్ల ప్రాయముననే తండ్రి వెంట అదే బృందములో చేరినాడు. అంతలో యూరపులో సప్తవర్ష సంగ్రామము చెలరేగినది. 1757లో హాస్టెన్‌బెక్ యుద్ధములో హానోవర్ పక్షము ఓడిపోయినది. ఆ సంవత్సరమే విలియం తన అన్న జేకబ్‌తో కలసి ఇంగ్లండు చేరినాడు. చేతిలో ధనము లేదు. ఇతరుల స్వరపత్రములకు నకళ్ళు వ్రాసి పొట్ట పోసికొన్నాడు. కొన్నేండ్లు ఉత్తరాన డరమ్, లీడ్స్, హాలిఫాక్స్ పట్టణములలో వాద్యకారుడుగా కాలము గడిపి, 1766లో బాత్ నగరమునందలి ఆక్టగన్ ప్రార్థనామందిరములో ఆర్గన్ వాయించు ఉద్యోగము సంపాదించినాడు.

బాత్ నాటి శ్రీమంతుల విహారనగరము. అక్కడి వేడినీటి ఊటలలో స్నానమాడుటకు వచ్చు ప్రభువులకు సాయంకాలము సంగీతము కావలసియుండెను. హెర్షెల్‌కు పేరు వచ్చినది, రాబడియు వచ్చినది. వారమునకు ముప్పదికి పైగా పాఠములు చెప్పుచు, కచేరీలు నడపుచు, స్వయముగా కృతులు కూర్చుచు ఉండెడివాడు. ఇంతటితో తృప్తి చెందియుండినచో నేడు ఆయన పేరు సంగీత చరిత్రలో ఏ మూలనో ఒక పంక్తిలో మిగిలెడిది.

ఆయన మనస్సును త్రిప్పినది పుస్తకములే. నాదము యొక్క లెక్కలు తెలిసికొనగోరి రాబర్ట్ స్మిత్ అను పండితుడు వ్రాసిన స్వరశాస్త్ర గ్రంథమును చదివినాడు. ఆ పండితుడే కాంతిశాస్త్రమునుగూర్చియు పెద్ద గ్రంథము వ్రాసినాడు. దానిని తెఱచినంతనే దూరదర్శినుల నిర్మాణక్రమము కంటబడినది. 1773 మే నెలలో ఫెర్గూసన్ ఖగోళశాస్త్ర గ్రంథమును కొన్నాడు. ఆ గ్రంథములో చదివినదానిని తన కంటితో చూడవలెనను కోరిక ఆయనను పట్టుకొన్నది. అప్పటికి వయస్సు ముప్పదినాలుగు. కొత్త విద్య నేర్చుటకు కాలము మించినదని పలువురు విరమించు వయస్సు అది.

మొదట గాజుకటకములు కొని, పొడుగాటి గొట్టములకు బిగించి చూచినాడు. ఆ గొట్టములు పదునైదు, ముప్పది అడుగుల పొడవుండెడివి. వానిని కదలకుండ నిలుపుటయే గగనమైనది. పిమ్మట చిన్న పరావర్తన దూరదర్శిని నొకదానిని అద్దెకు తెచ్చినాడు. ఇందులో కటకమునకు బదులు పుటాకారముగల దర్పణము కాంతిని ప్రోగుచేయును. ఇది చేతికి అనువుగా తోచినది. ఇంతకన్న పెద్దది కొనవలెనని లండను వర్తకుల నడిగినాడు. వారు చెప్పిన వెల ఆయన శక్తికి మించినది. అప్పుడు తానే చేసికొందునని నిశ్చయించినాడు. అద్దములు నూరుట వినోదముగా సాగించి మానివేసిన ఒక క్వేకరు మతస్థుడు బాత్ నగరములో ఉండగా, ఆయనవద్ద పనిముట్లను, సగము నూరి విడిచిన దర్పణములను కొన్నాడు. సంగీతోపాధ్యాయుని ఇంటిలోనికి లోహకారుని సామగ్రి ప్రవేశించినది.

ఆనాటి దర్పణము నేటి గాజుటద్దము వంటిది కాదు. గాజుమీద వెండిని పలుచగా పూయు విద్య దూరదర్శినులకు అక్కరకు వచ్చినది పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగముననే. హెర్షెల్ కాలములో దర్పణమనగా లోహపు బిళ్ళ. రాగి సుమారు రెండు పాళ్ళు, తగరము ఒక పాలు కలిపి కరిగించి పోసిన మిశ్రలోహమది. మన కంచరులు గిన్నెలకు, గంటలకు వాడు కంచునకు ఇది దగ్గఱి చుట్టము. తగరపు పాలు మాత్రము ఎక్కువ. తగరము పెరిగినకొలది లోహము వెండివలె తెల్లబడి చక్కగా మెరయును. కాని గాజువలె పెళుసై చిన్న దెబ్బకే పగులును. రాగి పెరిగినకొలది బలము వచ్చును. కాని ఎఱ్ఱబారి త్వరగా మసక పట్టును. మెరుపునకు, బలమునకు నడుమ ఆ సన్నని త్రోవను వెదకుటలోనే ఎందఱో పనివారి జీవితములు గడచినవి.

పోయుట మొదటి మెట్టు మాత్రమే. అచ్చులోని బిళ్ళ మెల్లమెల్లగా చల్లారవలెను. తొందరపడినచో పైభాగము ముందుగా ముడుచుకొని లోపలి భాగముతో పెనగులాడును. బిళ్ళ రెండు ముక్కలగును. చల్లారిన బిళ్ళను కురువిందపు పొడి వేసి, కుంభాకారముగల పనిముట్టుపై నూరి పల్లము తేవలెను. తరువాత కీలు పూసిన పనిముట్టుతో, ఇనుపతుప్పునుండి చేసిన మెత్తని ఎఱ్ఱని పొడి చల్లి మెరుగు పెట్టవలెను. ఇచట కీలనగా తారువంటి నల్లని బంక. మెరుగుతోపాటు ఆ పల్లమునకు పరవలయాకారము రావలెను. వలసిన వంపునకు తల వెండ్రుక మందములో నూరవ వంతు తేడా వచ్చినను నక్షత్రము చుక్కవలె గాక చెదరిన మచ్చవలె కనబడును. ఆ సూక్ష్మమును కొలుచు యంత్రములు నాడు లేవు. చేతికి తెలియవలెను, కంటికి తెలియవలెను, నక్షత్రమువైపు త్రిప్పి చూచిన పిమ్మట తప్పు తెలియవలెను, తెలిసిన తప్పును దిద్దుటకు మరల మొదటినుండి మెరుగు పెట్టవలెను.

ఈ పనికి హెర్షెల్ ఇల్లంతయు చాలలేదు. ఆయన చెల్లెలు కరోలిన్ 1772లో హానోవర్ నుండి బాత్ వచ్చి అన్న ఇల్లు చక్కబెట్టుచుండెను. చక్కని సామగ్రితో అలంకరించిన ముందరి గదిలో వడ్రంగి కూర్చుండి గొట్టములు, పీఠములు చేయుచుండుటయు, పడుకగదిలో తమ్ముడు అలెగ్జాండర్ పెద్ద తరిమెన యంత్రమును నెలకొల్పి కడ్డీలు, మరలు చెక్కుచుండుటయు చూచి ఆమె దిగులు పడినది. కచేరీనుండి వచ్చిన హెర్షెల్ దుస్తులు మార్చుకొను ఓపిక లేక కొలిమి దగ్గఱకు పోవుటచేత ఆయన చొక్కా చేతుల సన్నని జాలరు చిరిగినవి. వానిపై కీలు చుక్కలు పడినవి. అవి బాగుచేయు పని చెల్లెలిదే.

ఒక శనివారము రాత్రి జరిగిన సంగతి ఆ ఇంటి వాతావరణమును చక్కగా తెలుపును. అన్నదమ్ములిద్దరు కచేరీ ముగించుకొని అర్ధరాత్రి కావచ్చుచుండగా ఇల్లు చేరుచున్నారు. మరునాడు ప్రార్థనామందిరములో గడుపు కొద్దిగంటలు తప్ప దినమంతయు తరిమెన దగ్గఱ గడుపవచ్చునని దారి పొడుగునను సంబరపడినారు. ఇంతలో ఉలులు మొద్దువారినవని జ్ఞప్తికి వచ్చినది. ఇంటి యజమాని సానరాయి నలుగురు తిరుగు ఆవరణలో ఉన్నది. ఆదివారము ఉదయమున అక్కడ పనిచేయుచు కనబడిన లోకులు ఆక్షేపింతురు. అందుచేత ఆ రాత్రియే లాంతరు పట్టుకొని పరుగెత్తినారు. కొంతసేపటికి అలెగ్జాండర్ తన అన్నను మోసికొనినట్లుగా ఇంటికి తెచ్చినాడు. విలియం సొమ్మసిల్లియున్నాడు. సానరాయి ఆయన వ్రేలి గోటినొకదానిని పెరికివైచినది. వాద్యము వాయించి బ్రతుకు మనిషికి వ్రేళ్ళే జీవనాధారము. ఆ సంగతి తెలిసియు ఆయన ఆ పని మానలేదు.

మెరుగు పెట్టుట మొదలిడిన పిమ్మట నడుమ ఆపరాదు. చేయి తీసినచో పొడి ఎండును, కీలు బిగియును, సాధించిన ఆకారము చెడును. ఒక పర్యాయము హెర్షెల్ పదునారు గంటలపాటు దర్పణమునుండి చేయి ఎత్తలేదు. కరోలిన్ ప్రక్కన కూర్చుండి అన్నము ముద్దలు చేసి తల్లి పసిబిడ్డకు తినిపించినట్లు ఆయన నోటికి అందించినది. విసుగు తెలియకుండుటకు డాన్ క్విక్సోటు కథయు, అరేబియా రాత్రుల కథలును, నాటి ఆంగ్ల నవలలును చదివి వినిపించినది. ఆయన చేతులు మాత్రము ఆగలేదు.

ఎన్నో బిళ్ళలు పనికిరానివై మూలబడినవి. ఒకటి మాత్రము కుదిరినది. 1774 మార్చి నెలలో తాను చేసిన దూరదర్శినితో హెర్షెల్ మృగశిర ప్రాంతమునందలి నీహారికను, శనివలయమును చూచి దినచర్యలో వ్రాసికొన్నాడు. అప్పటినుండి ఒకటి విజయవంతమైన వెంటనే అంతకు పెద్దది, మేలైనది చేయుట ఆయనకు అలవాటైనది. నాభ్యంతరము ఏడడుగులు గల ఒక దూరదర్శిని ఆయన చేతిలో తయారైనది. దాని దర్పణపు వెడల్పు ఆరంగుళములకు కొంచెము మించును. చూచుటకు సాధారణమైన ఆ వస్తువునకు ఆ తరగతిలో సాటియైనది నాడు ఇంగ్లండులో లేదు.

1779 డిసెంబరులో ఆయన దానిని ఇంటిముందు వీథిలో నిలిపి చంద్రుని పర్వతముల ఎత్తు కొలుచుచుండగా ఆ దారిన పోవు పెద్దమనిషి ఒకడు ఆగి, ఒకసారి చూడనిమ్మని కోరినాడు. ఆయన విలియం వాట్సన్, రాయల్ సొసైటీ సభ్యుడు. చూచిన దృశ్యము ఆయనను ఆశ్చర్యపరచినది. మరునాడే హెర్షెల్ ఇంటికి వచ్చి స్నేహము కలుపుకొన్నాడు. ఆ స్నేహమువలన సంగీతోపాధ్యాయుని పరిశీలనలు పండితలోకమునకు అందసాగినవి.

1781 మార్చి 13వ తేదీన న్యూ కింగ్ వీథిలో 19వ సంఖ్యగల ఇంటి పెరటినుండి ఆయన మిథునరాశి ప్రాంతమున చుక్కలను వరుసగా పరీక్షించుచున్నాడు. వానిలో ఒకటి మిగిలినవానికన్న పెద్దదిగా తోచినది. నక్షత్రమును ఎంత పెంచి చూచినను చుక్కగానే ఉండును. ఇది అట్లు కాదు. కంటికటకము మార్చి శక్తి పెంచినకొలది తానును పెరిగినది. నాలుగు దినముల తరువాత చూడగా తావు మారియున్నది. ఆయన మొదట దానిని తోకచుక్క అనుకొన్నాడు. తోక కనబడలేదు. లెక్సెల్ మొదలైన గణితజ్ఞులు దాని మార్గమును లెక్కించి, అది శనికి ఆవల సూర్యునిచుట్టు తిరుగు గ్రహమని తేల్చినారు. హెర్షెల్ దానికి మూడవ జార్జి రాజు పేరు పెట్టినాడు. లోకము మాత్రము జర్మను పండితుడు బోడే సూచించిన యురేనస్ నామమునే నిలుపుకొన్నది.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. హెర్షెల్‌కు ముందు ఈ చుక్కను పలువురు జ్యోతిష్కులు చూచినారు, పటములలో గుర్తించినారు కూడ. ఫ్లామ్‌స్టీడ్ అను రాజజ్యోతిష్కుడు 1690లోనే దీనిని నక్షత్రముగా ఎంచి సంఖ్య వేసినాడు. చూచుట అందరికి కలిగినది. పోల్చుట ఒక్కనికే కలిగినది. ఆ పోల్చు శక్తి ఆయన చూపునకు వచ్చినది ఆయన దర్పణమునుండి. దర్పణములోని ప్రతి వంపు ఏ నక్షత్రమును ఎట్లు చూపునో, పోసి నూరిన చేతికి తెలిసినట్లు అంగడిలో కొన్న చేతికి తెలియదు.

కీర్తి మార్చిలో వచ్చినది. ఆగస్టులో కొలిమి తన వంతు పరీక్ష పెట్టినది. నాభ్యంతరము ముప్పది అడుగులుగల దూరదర్శినికి మూడడుగుల వెడల్పు దర్పణమును ఇంటిలోనే పోయవలెనని హెర్షెల్ సంకల్పించినాడు. అంత పెద్ద బిళ్ళను పోయుటకు ఏ కార్ఖానాయు ఒప్పుకొనలేదు. తోటకు సమమట్టముననున్న వెనుకగదిలో కొలిమి కట్టించినాడు. మన దేశములో విగ్రహములు పోతపోయువారు బంకమట్టిలో ఆవుపేడ కలిపినట్లే, ఆయన అచ్చునకు గుఱ్ఱపులద్ది కలిపిన మట్టిని ఎన్నుకొన్నాడు. ఎండిన లద్దిని రోటిలో దంచి సన్నని జల్లెడలో జల్లింపవలెను. అది అంతులేని పని. కరోలిన్ గంటల తరబడి దంచినది, అలెగ్జాండర్ దంచినాడు, చూడవచ్చిన వాట్సన్ సైతము ఆమె చేతిలోని రోకలి అందుకొని దంచినాడు.

అయిదువందల పౌనులకు మించిన లోహమును కొలిమికెక్కించినారు. రెండు ప్రయత్నములు జరిగినవి, రెండును విఫలమైనవి. ఒక ప్రయత్నములో దర్పణము చల్లారునప్పుడు పగిలినది. మరియొక ప్రయత్నములో ప్రమాదము ఘోరమైనది. లోహము కరిగి పోతకు సిద్ధమైన క్షణమున కొలిమి అడుగు కారసాగినది. నిప్పువలె మండు ద్రవము రాతిపలకలు పరచిన నేలమీదికి ప్రవహించినది. ఆ వేడికి రాళ్ళు తటాలున వ్యాకోచించి, వానిలోని తేమ ఆవిరియై, తుపాకిగుండ్లవలె ప్రేలి పై కప్పు వఱకు ఎగసినవి. నేల రాళ్ళను ముందుగా పెరికించి ఉండవలసినది. ఆ జాగ్రత్త ఎవరికిని తోచలేదు. అన్నదమ్ములు, పోతపనివారు ఎదురెదురుగానున్న ద్వారములగుండ ప్రాణములు అరచేత పెట్టుకొని పరుగెత్తినారు. హెర్షెల్ వేడికి, అలసటకు తాళలేక ఇటుక ముక్కల కుప్పపై కూలబడినాడు. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. ముప్పది అడుగుల దూరదర్శిని మాత్రము పుట్టలేదు.

కాని ఆ వైఫల్యముతో పని ఆగలేదు. 1781 చివర రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకమిచ్చి, సభ్యునిగా చేర్చుకొన్నది. ఇంటిలో చేసిన పరికరము ఇంతటి శక్తి గలదని కొందఱు పండితులు నమ్మలేదు. 1782లో హెర్షెల్ తన ఏడడుగుల దూరదర్శినిని గ్రీనిచ్ వేధశాలకు కొనిపోయినాడు. అక్కడి పరికరములతో సరిపోల్చి చూచినారు. బాత్ ఇంటిలో పుట్టినదే మేలైనదని తేలినది. రాజు ఏడాదికి రెండువందల పౌనుల భృతి ఏర్పరచినాడు. సంగీతమువలన వచ్చు రాబడికన్న ఇది తక్కువ. హెర్షెల్ సందేహింపలేదు. సంగీతవృత్తిని విడిచి, విండ్సర్ సమీపమునందలి డాచెట్ గ్రామమునకు కాపురము మార్చినాడు.

ఈ నిర్ణయమువలన ఎక్కువ పోగొట్టుకొన్నది ఎవరు? ఆ ప్రశ్న వేయక ఈ కథ చెప్పుట న్యాయము కాదు. కరోలిన్ బాల్యములో టైఫస్ జ్వరము తగిలి ఎదుగుదల నిలిచిపోయి నాలుగడుగులకు కొంచెము మించిన ఎత్తుననే ఉండిపోయినది. తల్లి ఆమెను ఇంటిచాకిరికే ఉంచదలచినది. పనిమనిషి జీతము తాను పంపుదునని ఒప్పించి విలియం ఆమెను ఇంగ్లండు తెచ్చినాడు. బాత్‌లో ఆమె గాత్రము నేర్చి హాండెల్ కృతులలో ప్రధానగాయనిగా పాడినది. 1778లో బర్మింగ్‌హామ్ సంగీతోత్సవమునకు ఆహ్వానము వచ్చినది. అన్న నడపని కచేరీలో పాడనని ఆమె నిరాకరించినది. 1782లో అన్న సంగీతము విడువగా ఆమె గానమును ముగిసినది. తనకు తానై ఎన్నుకొన్న మార్గము కాదది. దర్పణమునకు మెరుగు పెట్టిన చేతులతోపాటు, ఒక గొంతు మూగవోయిన సంగతియు చరిత్ర చెప్పవలెను.

డాచెట్‌లో తోటయే వేధశాల. నాభ్యంతరము ఇరువది అడుగులు, దర్పణము సుమారు పదునెనిమిదిన్నర అంగుళములు గల పరికరమును కొయ్యదూలముల నడుమ వ్రేలాడదీసినారు. ఒక గాలి రాత్రి హెర్షెల్ పైనుండి దిగి నేలపై కాలూనిన కొంచెముసేపటికే ఆ దూలములన్నియు కూలిపడినవి. 1783 డిసెంబరు 31వ తేదీ రాత్రి అడుగు లోతు మంచు పడియున్నది. మబ్బు విడిచి చుక్కలు కనబడగానే అన్న ఆజ్ఞపై యంత్రమును కదల్చుటకు చీకటిలో పరుగెత్తిన కరోలిన్ కాలుజారి ఇనుపకొక్కెముపై పడినది. కసాయివారు మాంసము తగిలించు కొక్కెము వంటిది మోకాలిపైన తొడలో దిగినది. ఆమెను విడదీయునప్పటికి కొంత మాంసము కొక్కెమునకే మిగిలినది. కొన్ని వారములపాటు ఆమె ఆ గాయముతో బాధపడినది. ఆ సమయమున ఆమె చింతించినది తన నొప్పికన్న ఎక్కువగా, మబ్బుపట్టని రాత్రి వచ్చిన అన్నకు సహాయము లేకపోవునే యని.

కుటుంబ పోషణకు హెర్షెల్ దూరదర్శినులు చేసి అమ్మసాగినాడు. రాజు చేయించిన వానిలో ఒకటి గటింగెన్ వేధశాలకు కానుకగా పోయినది. స్పెయిన్ రాజునకు చేసిన ఇరువదియైదు అడుగుల దూరదర్శిని వెల 3,150 పౌనులు. ఆయన చేతిమీదుగా వెలువడిన దర్పణములు నాలుగువందలకు పైబడినవి. లోహదర్పణము గాలికి మసకబారును. మెరుగు తీసి మరల పెట్టినపుడెల్ల ఆకారము మరల సాధింపవలెను. అందుచేత ఒక్కొక్క పరికరమునకు రెండేసి దర్పణములు చేసి, ఒకటి వాడుకలో ఉండగా రెండవదానికి మెరుగు పెట్టెడివాడు.

1786లో స్లౌ గ్రామమునకు మారిన పిమ్మట రాజు ఇచ్చిన నాలుగువేల పౌనులతో నలువది అడుగుల మహాయంత్రము నిర్మించినాడు. దర్పణపు వెడల్పు నాలుగడుగులు. మొదట పోసినది అనుకొన్నదానికన్న పలుచనై తన బరువునకు తానే వంగినది. పిమ్మట పోసినదొకటి చల్లారునప్పుడు పగిలినది. రాగి పాలు పెంచి మరల పోసినది నిలిచినది. కాని రాగి పెరుగుటచేత త్వరగా మసకబారు దోషము వెంట వచ్చినది. దానికి మెరుగు పెట్టుటకు పనివారి జట్టును నియమించి, పేరు పిలుచుటకు బదులుగా వారి అంగీలపై అంకెలు వేయించినాడు. అదియు కుదురక చివరకు మెరుగు పెట్టు యంత్రమునే కల్పించినాడు. 1789 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఆ దూరదర్శినితో శనికి ఎన్సెలాడస్, మీమాస్ అను రెండు ఉపగ్రహములను కనుగొన్నాడు.

అయినను నిజము చెప్పవలెను. లోకము వింతగా చూడవచ్చిన ఆ మహాయంత్రముకన్న ఇరువది అడుగులదే ఆయనకు ఎక్కువ ఫలమిచ్చినది. పెద్దదానిని సిద్ధపరచుటకే రాత్రి సగము గడచెడిది. ఇరువది అడుగుల దానితో ఇరువదేండ్లు ఆకాశమును జల్లించి, రెండువేల అయిదువందల నీహారికలకు, నక్షత్రగుచ్ఛములకు పట్టికలు కూర్చినాడు. ఆయన చెప్పుచుండగా చీకటిలో వ్రాసినది, పగలు లెక్కలు కట్టినది కరోలిన్. 1787నుండి రాజు ఆమెకు ఏడాదికి యాభై పౌనుల వేతనమిచ్చినాడు. శాస్త్రపరిశోధనకు జీతము పొందిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. 1786-97 సంవత్సరముల నడుమ ఆమె స్వయముగా ఎనిమిది తోకచుక్కలను కనుగొన్నది. మూగవోయిన గొంతునకు ఇది పరిహారమగునో కాదో చెప్పు అధికారము ఆమెకే కలదు. లోకమునకు మాత్రము ఒక గాయని స్థానమున ఒక ఖగోళశాస్త్రజ్ఞురాలు లభించినది.

1800లో హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎఱుపురంగునకు ఆవల, కన్ను చూడలేని చోట ఉష్ణమాపకమును ఉంచి, అక్కడను వేడి ఉన్నదని నిరూపించినాడు. పరారుణ కిరణముల తొలి పరిచయమది. 1816లో ప్రభుత్వము గౌరవ బిరుదమిచ్చినది. 1822 ఆగస్టు 25వ తేదీన ఎనుబదిమూడేండ్ల వయస్సున స్లౌలో కన్నుమూసినాడు. కుమారుడు జాన్ హెర్షెల్ తండ్రి మార్గముననే గొప్ప శాస్త్రజ్ఞుడైనాడు. కరోలిన్ హానోవర్‌కు తిరిగిపోయి, 1828లో రాయల్ ఖగోళసంఘపు స్వర్ణపతకమును పొంది, 1848 జనవరి 9వ తేదీన తొంబదియేడేండ్ల వయస్సున మరణించినది.

ఈ జీవితమును మనము తరగతిలో చెప్పునప్పుడు సంవత్సరములతో ముగింపరాదు. మన సమాజములో చదువు ఒక వీథిలోను, చేతిపని మరియొక వీథిలోను చాలకాలము నివసించినవి. కొలిమివద్ద కూర్చున్నవానికి పుస్తకము అందలేదు. పుస్తకము పట్టినవాడు కొలిమివైపు పోలేదు. హెర్షెల్ ఇంటిలో ఈ రెండును ఒకే కప్పుక్రింద కలసినవి. కాంతిశాస్త్రము చదివిన కన్నే కరిగిన లోహపు రంగును పరీక్షించినది. స్వరము తప్పని వ్రేళ్ళే దర్పణపు వంపును దిద్దినవి. అందువలననే పండితులు చూచియు పోల్చని చుక్క ఆయనకు గ్రహమైనది. పాఠశాలలో చేతిపనికి కేటాయించిన గంటను ఆటవిడుపుగా భావించు విద్యార్థికి ఈ సంగతి చెప్పదగును. పాడైన వస్తువును చూచి బాలుని మందలించు ఉపాధ్యాయుడును ఒక్కసారి ఆ పగిలిన దర్పణములను తలచుకొనదగును.

బాత్ నగరములో న్యూ కింగ్ వీథిలోని ఆ ఇల్లు నేడు హెర్షెల్ స్మారక ప్రదర్శనశాల. అక్కడ ఆయన దినముల నాటి వస్తువులను భద్రపరచియున్నారు. వెనుకగది నేలపై నాడు కరిగిన లోహము ప్రవహించి పగిలిన రాతిపలకలు నేటికిని ఉన్నవి. వానిని ఎవరును మార్చి కొత్తవి పరచలేదు. యురేనస్‌ను చూచుటకు వచ్చినవారు ఆ రాళ్ళను కూడ చూచి పోవుచున్నారు.